డిక్కీలో చలికాలం

బఫెలోలో నవంబరు రెండో వారం వచ్చిందంటే మా అపార్టుమెంటు పార్కింగులో ఒక తతంగం మొదలవుతుంది. ఒక్కొక్కరే కారు డిక్కీ తెరిచి, వేసవి అంతా పేరుకున్న చెత్త తీసేసి, సామాను సర్దుకుంటారు. పొట్టి పార, రెండు దుప్పట్లు, టార్చిలైటు, ఇసుక సంచి, జంపర్ కేబుళ్ళు, ఊలు మేజోళ్ళు, కారు అద్దం మీది మంచు గీకే పుల్ల. నీళ్ళ సీసాలు ముప్పాతిక వంతే నింపాలి, నిండా నింపితే గడ్డకట్టి పగులుతాయి. పల్లీపట్టీలు. ఒక ఎర్రగుడ్డ ముక్క. ఒక ఖాళీ కాఫీ డబ్బా, అందులో లావుపాటి కొవ్వొత్తి, అగ్గిపెట్టె. నా డిక్కీలో వీటికి తోడు ఒక గొంగడి కూడా ఉంటుంది. దాని సంగతి తర్వాత.

ఈ జాబితా నాకు మొదటి ఏడాదే ఒక సీనియర్ వాట్సాప్‌లో పంపాడు. చదివి నవ్వుకున్నాను. పదిహేను నిమిషాల దూరంలో ఉన్న ఆఫీసుకి పోవడానికి అత్తారింటికి సారె పంపినట్టు ఇంత మోత ఎందుకు? కార్లో హీటర్ ఉంది, చేతిలో ఫోనుంది, ఇది ఊరి మధ్య, అడవి కాదు.

2022 డిసెంబరు 23, శుక్రవారం. పొద్దున్నే బియ్యం, పాలు తెచ్చుకుందామని బయల్దేరాను. తుఫాను వస్తుందని అందరూ చెప్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి కదా వచ్చేది అని నా లెక్క. ఒంటి మీద పల్చటి స్వెట్టరు, కాళ్ళకు చెప్పులు. షాపులోకి వెళ్ళేటప్పుడు చిన్న వాన. బయటికొచ్చేసరికి ఎదురుగా నా కారే కనిపించలేదు. సగం దారిలో, ఇంటికి అర కిలోమీటరు ఉందనగా, ముందున్న కారు ఆగిపోయింది, నేనూ ఆగిపోయాను. ఆ తర్వాత అద్దం బయట అంతా తెలుపే. డిక్కీలో స్టెప్నీ టైరు, ఒక క్రికెట్ బ్యాటు, అప్పుడే కొన్న పది కిలోల సోనా మసూరి. అదీ నా ఎమర్జెన్సీ కిట్టు.

అద్దాలన్నీ మూసేసి, ఇంజన్ ఆపకుండా, హీటర్ ఫుల్లుగా పెట్టుకుని కూర్చున్నాను. సుమారు గంటన్నర. కాస్త తలనొప్పిగా ఉంటే పొద్దున కాఫీ తాగలేదుగా అనుకున్నాను. అప్పుడెవరో అద్దం మీద కొట్టారు. అరవై దాటిన మనిషి, కనుబొమ్మల మీద మంచు. నేను అద్దం దించేలోపే ఆయన కారు వెనక్కి వెళ్ళిపోయాడు. వెనకనుంచి ధబ్ ధబ్‌మని తన్నుతున్న చప్పుడు. కారు సైలెన్సర్ చుట్టూ పేరుకున్న మంచుని కాలితో తన్ని తీసేస్తున్నాడు. అది పూర్తయ్యాకే నా దగ్గరకొచ్చి బాగున్నావా అని అడిగాడు. ఆయన పికప్‌లో నన్ను ఇంటి దాకా దింపాడు. పేరు అడగాలన్న స్పృహ కూడా నాకు లేదు.

ముందు నన్ను పలకరించకుండా సైలెన్సర్ దగ్గరకే ఎందుకు పోయాడు? ఆ ప్రశ్న వెంట పోతే తేలింది ఏమిటంటే, నేను నవ్వుకున్న ఆ జాబితా నిజానికి ఒక చరిత్ర పుస్తకం. ఒక్కో వస్తువు వెనక ఒక తేదీ ఉంది, ఆ తేదీన కొన్ని చావులున్నాయి.

అన్నిటికంటే పాతది దుప్పటి. కారు కంటే పాతది. 1920 మార్చి 15న నార్త్ డకోటాలో సెంటర్ అనే చిన్న ఊరి దగ్గర బడి మధ్యలోనే మంచు తుఫాను వచ్చింది. అప్పటికింకా పదహారేళ్ళు నిండని హేజెల్ మైనర్ తన తమ్ముణ్ణీ చెల్లెల్నీ స్లెడ్జి ఎక్కించుకుంది. చక్రాలుండవు, గుర్రం లాగితే మంచు మీద జారే బండి అది. వాళ్ళ నాన్న బడి దాకా వచ్చాడు. తన గుర్రాన్ని తెచ్చుకునే లోపల, ఈ బండి గుర్రం తనంతట తానే తుఫాన్లోకి నడిచింది. దారి తప్పి బండి బోల్తా పడింది. హేజెల్ ఉన్న దుప్పట్లన్నీ చిన్నవాళ్ళిద్దరి మీదా కప్పి, వాటి మీద తను అడ్డంగా పడుకుంది. నిద్రపోవద్దని, కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఉండమని రాత్రంతా వాళ్ళతో మాట్లాడుతూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఊరివాళ్ళు కనుక్కునేసరికి పిల్లలిద్దరూ బతికున్నారు, హేజెల్ లేదు. ఆ ఊరి కోర్టు ముందు ఇప్పటికీ ఆమె పేరున రాయి ఉంది. బండి వదిలి పోవద్దు, నిద్రపోవద్దు, ఒకరినొకరు ఆనుకుని ఉండండి, ఒళ్ళు కదుపుతూ ఉండండి: ఇవాళ కార్లో చిక్కుకున్నవాళ్ళకు చెప్పేవీ చాలావరకు ఇలాంటి మాటలే. ఆ అమ్మాయికి ఎవరూ కరపత్రం ఇవ్వలేదు.

ఆ కాలపు బండ్లలో దుప్పటంటే చాలాచోట్ల అడవిదున్న తోలే. బొచ్చుతో సహా శుద్ధి చేసిన తోలుని ఒళ్ళో పరుచుకుని కూర్చునేవాళ్ళు. ఆ అడవిదున్నలు ఒకప్పుడు కోట్లలో ఉండేవి. 1880లు ముగిసేసరికి వేలలోకి కాదు, వందల్లోకి వచ్చాయి. వాటి మీదే బతికిన ఆదివాసుల బతుకు కూడా వాటితోపాటే కూలిపోయింది. తోళ్ళు మాత్రం బండ్లలో ఇంకో ముప్పై నలభై ఏళ్ళు మిగిలాయి, జంతువు లేకపోయినా దాని వెచ్చదనం మిగిలినట్టు. నేను ఉండే ఊరి పేరు బఫెలో. ఆ పేరుకీ ఈ జంతువుకీ సంబంధం ఉందా లేదా అని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు, అది వేరే కథ.

తొలి కార్లు వచ్చినప్పుడు ఈ దుప్పట్లు అలాగే కార్లలోకి ఎక్కాయి. ఎందుకంటే ఆ కార్లకు పైకప్పు ఉండేది కాదు, ఉన్నా గుడ్డది, పక్కల తలుపద్దాలు లేవు. చలికాలంలో కారెక్కాలంటే గుర్రబ్బండి ఎక్కినట్టే తయారవాలి. బరువైన కోటు, చెవులు మూసే టోపీ, బొచ్చు చేతితొడుగులు, కాళ్ళ కింద వేడి చేసిన ఇటుకో, లోపల బొగ్గుబిళ్ళ కాలే చిన్న ఇనప్పెట్టో. 1919లో అమెరికాలో తయారైన కార్లలో నాలుగు పక్కలా మూసి ఉన్నవి పదింట ఒకటి మాత్రమే. 1927కల్లా పదింట ఎనిమిది దాటాయి. ఎనిమిదేళ్ళలో జనం ఆరుబయట నుంచి గదిలోకి వచ్చేశారు, ఆ గదికి చక్రాలున్నాయి, అంతే తేడా.

గది అన్నాక పొయ్యి కావాలిగా. ముందు సైలెన్సర్‌కి పోయే వేడినే లోపలికి మళ్ళించి చూశారు. ఎక్కడన్నా చిల్లుపడితే వేడితోపాటు పొగా లోపలికే. తర్వాత 1930లలో ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ వేడిని వాడుకునే హీటర్లు స్థిరపడ్డాయి. 1938లో నాష్ కంపెనీ బయటి గాలిని లోపలికి లాగి, వడకట్టి, వేడిచేసి పంపే ఏర్పాటు పెట్టి, దానికి తర్వాత ‘వెదర్ ఐ’ అని పేరు పెట్టింది. యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో హీటర్ లేని కారు ఉంటుందన్న సంగతే జనం మర్చిపోయారు. మంచుకొండ మీద కూడా చొక్కాతో కారు నడపొచ్చు.

నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. హేజెల్ కాలంలో ఎమర్జెన్సీ కిట్టు అనే మాట అవసరం లేదు. చలికి కావలసినదంతా ఒంటి మీదే, ఒళ్ళోనే ఉండేది. హీటర్ వచ్చి మన ఒంటి మీంచి కోటు తీయించింది. ఇప్పుడు డిక్కీలో సర్దేది ఆ తీసేసిన కోటునే. ఇంజన్ తిరిగినంతసేపు హీటర్, పెట్రోలు ఉన్నంతసేపు ఇంజన్. అందుకే జాబితాలో అన్నిటికంటే పైన, చలికాలంలో ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు అని ఉంటుంది. కరెంటు కార్లవాళ్ళు ట్యాంకు బదులు బ్యాటరీ అనుకోవాలి.

ఈ మరుపుకి మొదటి పెద్ద బిల్లు 1940, 41లలో వచ్చింది. 1940 నవంబరు 11 సెలవురోజు, మిన్నెసోటాలో పొద్దున ఎండ, వెచ్చగా ఉంది. బాతుల వేటకని వేలమంది పల్చటి బట్టలతో మిసిసిపీ నది లంకల్లోకి వెళ్ళారు. మధ్యాహ్నం నుంచి వాన, తర్వాత మంచు, తర్వాత తుఫాను. ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది పోయారు, అందులో వేటగాళ్ళు చాలామంది. అప్పట్లో ఆ ప్రాంతానికి వాతావరణ సూచన చికాగో నుంచి వచ్చేది. ఈ చావుల తర్వాతే ఆ పని స్థానిక ఆఫీసుకి ఇచ్చారు. నాలుగు నెలలు తిరిగాయో లేదో 1941 మార్చి 15న, హేజెల్ తుఫాను వచ్చిన అదే తేదీన, నార్త్ డకోటా, మిన్నెసోటాల మీద ఇంకొకటి విరుచుకుపడింది. శనివారం సాయంత్రం. వారమంతా పొలంలో పనిచేసినవాళ్ళు పిల్లాపాపలతో కార్లలో టౌనుకి బయల్దేరే వేళ. కొద్ది నిమిషాల్లో కళ్ళు కనిపించకుండా పోయింది. 71 మంది పోయారు, ఎక్కువమంది దారిలో ఉన్నవాళ్ళే. కొందరు కార్లలోనే, కొందరు కారు దిగి ఇల్లు దగ్గరే కదా అని నడిచి. ‘కారు వదిలి పోవద్దు’ అన్న మాట ఎంత అరిగిపోయినా నాకు అది ఆ శనివారం సాయంత్రంలాగే వినిపిస్తుంది. ఎర్రగుడ్డ కూడా దీనికి జతే: కార్లోనే ఉండు, కానీ ఉన్నావని తెలిసేట్టు ఏరియల్‌కి ఏదైనా కట్టు.

జంపర్ కేబుళ్ళ కథ కాస్త తేలిక. 1912లో క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టేదాకా కారుని ముందువైపు ఇనపకడ్డీ తిప్పి స్టార్ట్ చేసేవాళ్ళు. చేతులు విరిగేవి, కానీ చలికి బ్యాటరీ దిగిపోయిందన్న బాధ లేదు. సెల్ఫ్ వచ్చాక మొత్తం బరువు బ్యాటరీ మీద పడింది. గడ్డకట్టే చలిలో బ్యాటరీ సత్తువ మూడోవంతు తగ్గుతుంది, ఇంజన్ ఆయిలేమో ఆముదంలా చిక్కబడి ఇంకా ఎక్కువ సత్తువ అడుగుతుంది. ఈ బాధ పడలేక నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజన్ బోల్టుకే హీటర్ బిగించే ఉపాయం కనిపెట్టి 1949లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఆ వైపు వెళ్తే కార్ల ముక్కులోంచి ప్లగ్గులు వేలాడుతూ కనిపిస్తాయి, రాత్రిపూట గోడకి గుచ్చి పెడతారు. మొదటిసారి చూసినప్పుడు అందరివీ కరెంటు కార్లే అనుకున్నాను.

ఇక పార. ఇక్కడే నా ప్రశ్నకి జవాబు దొరికింది.

1977 జనవరి 28, అదీ శుక్రవారమే. ఆ ఏడాది బఫెలో పక్కనున్న ఈరీ సరస్సు డిసెంబరు మధ్యకే గడ్డకట్టింది. సరస్సు గడ్డకడితే ఇక్కడివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే ఇక్కడ మంచు కురిపించేది దాని నీటి ఆవిరే. కానీ ఆ గడ్డ మీద వారాల తరబడి కురిసిన పొడిమంచు ఇసుకమేటలా పడి ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికి ముందు గాలి లేచింది, గంటకు 69 మైళ్ళ దాకా. ఆకాశంలోంచి పడ్డ కొత్త మంచు ఒక్క అడుగే. మిగతాదంతా సరస్సు మీంచి ఊరి మీదకి కొట్టుకొచ్చింది. అందరూ ఆఫీసుల్లో ఉన్నారు, ఇంటికి వెళ్దామని రోడ్డెక్కారు. ఆ తుఫానులో పోయినవాళ్ళు 29 మంది. అందులో తొమ్మిదిమంది పూడిపోయిన కార్లలో దొరికారు.

సరిగ్గా ఏడాదికి ఒహాయోలో ఒక లారీ డ్రైవరు మంచు కింద పూడిపోయిన తన లారీలో ఆరు రోజులున్నాడు, మంచు తిని ప్రాణం నిలుపుకున్నాడు. అదే చలికాలం, 1978 ఫిబ్రవరి 6 సోమవారం, బోస్టన్ మీద 27 అంగుళాల మంచు పడింది. ఊరి చుట్టూ తిరిగే 128వ నంబరు రోడ్డు మీద మూడు వేలకు పైగా కార్లు, 500 లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తర్వాత గవర్నర్ డుకాకిస్ టీవీలో స్వెట్టరు వేసుకుని కనిపించి, రోడ్ల మీద మామూలు కార్లు తిరక్కూడదన్నాడు. దాదాపు వారంపాటు జనం నడిచారు, స్కీల మీద పాలకి పోయారు. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు పండగలా చెప్తారు ఆ వారం గురించి. కానీ ఆ ఆగిపోయిన కార్లలో పద్నాలుగుమంది చనిపోయారు. చలికి కాదు. హీటర్ వేసుకుని, అద్దాలు మూసుకుని, వెచ్చగా కూర్చుని.

కారణం చాలా చిన్నది. మంచు పెరిగి సైలెన్సర్ మూతి మూసుకుంటుంది. పోవడానికి దారిలేని పొగ కారు కింద చేరి సందుల్లోంచి లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌ని అది ప్రాణవాయువు కంటే రెండొందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మగత. తుఫాన్లో వెచ్చటి కార్లో మగత వస్తే ఎవరు అనుమానిస్తారు? ఆరుబయటి స్లెడ్జిలో హేజెల్‌కి ఈ ప్రమాదం లేదు. ఇది గదికీ పొయ్యికీ పుట్టిన బిడ్డ.

కాబట్టి డిక్కీలో పార ఉన్నది దారి తవ్వుకోవడానికి కాదు. తుఫానులో మనిషి తవ్వే దారి ఎంతలే. అది ముందు సైలెన్సర్ మూతి తీయడానికి. ఇంజన్ గంటకి పది నిమిషాలే వెయ్యాలి, వేసే ముందు దిగి మూతి చూడాలి, గాలి కొట్టని వైపు అద్దం వేలెడు దించి ఉంచాలి. నా అద్దం మీద కొట్టినాయనకి 1977లో పది పదిహేనేళ్ళు దాటి ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాడైతే ఆ తొమ్మిది కార్ల సంగతి ఆ వయసులోనే విని ఉంటాడు. నాకది చదివితే తెలిసింది, ఆయన కాలికి తెలుసు.

కాఫీ డబ్బాలో కొవ్వొత్తి కూడా ఈ లెక్కలోంచే అర్థమవుతుంది. మిగతా యాభై నిమిషాల సంగతేంటి మరి? ఒక కొవ్వొత్తి ఇచ్చే వేడి దాదాపు 80 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి వేడి సుమారు 100. అంటే కొవ్వొత్తి వెలిగిస్తే పక్కన ఇంకో మనిషి కూర్చున్నట్టు. నాకు ఈ లెక్క చాలా నచ్చింది. దానికీ గాలి కావాలి, అద్దం వేలెడు తెరిచే ఉంచాలనుకోండి. పక్కనే వెండికాగితంలా మెరిసే దుప్పటి ఒకటి అమ్ముతారు, 1960లలో నాసా అంతరిక్ష నౌకల కోసం చేయించిన పల్చటి ప్లాస్టిక్ పొర. ఒంటి వేడిని ఒంటికే తిప్పికొడుతుంది. బరువుండదు, అరచేతిలో ఇముడుతుంది, కదిలితే అప్పడాల పొట్లంలా చప్పుడు చేస్తుంది.

ఇంతదాకా వచ్చాక జాబితా మీద నా గౌరవం పెరిగిన మాట నిజం. కానీ ఒక చిరాకు కూడా మొదలైంది.

2022 తుఫానులో ఒక్క ఈరీ కౌంటీలోనే 47 మంది పోయారు. పని నుంచి ఇంటికి వస్తూ కార్లో చిక్కుకుపోయిన ఒక ఇరవై రెండేళ్ళ అమ్మాయి అందులో ఉంది. కొందరు వీధుల్లో నడుస్తూ పోయారు, వాళ్ళకి సర్దుకోవడానికి డిక్కీ కాదు, కారే లేదు. కొందరు కరెంటు పోయి, ఇళ్ళలో వెచ్చదనం పోయి. కొందరికి గుండెనొప్పి వస్తే అంబులెన్సు రాలేకపోయింది. చనిపోయినవాళ్ళలో నల్లజాతివాళ్ళ వాటా, జనాభాలో వాళ్ళ వాటా కంటే బాగా ఎక్కువ. ఆ శుక్రవారం ప్రయాణాల నిషేధం పొద్దున తొమ్మిదిన్నరకి అమల్లోకి వచ్చింది, ఆ సంగతి చెప్పింది గంట ముందు కూడా కాదు. అప్పటికే డ్యూటీ ఎక్కినవాళ్ళు ఎక్కేశారు.

నేను బియ్యం కోసం వెళ్ళాను, అది నా బుద్ధితక్కువ. రానంటే జీతం కోసేచోట పనిచేసేవాళ్ళది బుద్ధితక్కువ కాదు. ప్రతి జాబితాకీ మొదటి వాక్యం ఒకటే ఉంటుంది: వీలైతే బయటికి వెళ్ళొద్దు. ఆ ‘వీలైతే’ ఎవరికి ఉంటుందో జాబితా మాట్లాడదు. 1978లో ఒక గవర్నర్ టీవీలో కూర్చుని ఆ వీలు అందరికీ కల్పించాడు, అదీ పద్నాలుగుమంది పోయాక. కొవ్వొత్తులూ దుప్పట్లూ ఎవరికి వాళ్ళు కొనుక్కోవచ్చు. ఆ ఆర్డరు మాత్రం ఏ షాపులోనూ దొరకదు.

గొంగడి సంగతి చెప్తానన్నాను కదా. ఆ మరుసటి ఏడు ఇంటికెళ్ళినప్పుడు ఈ గొడవంతా మా నాయనతో చెప్తే, ఏమీ మాట్లాడకుండా అటక మీంచి తీసి సూట్‌కేసులో పెట్టాడు. పాలమూరు కురుమల చేతి గొంగడి, నల్లది, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచింది. గొర్లకాపరులు వానలో, మంచులో, పొలాల్లో రాత్రుళ్ళు దాన్నే ముసుగేసుకుంటారు, దాని మీదే పడుకుంటారు, దాంట్లోనే సద్ది కట్టుకుంటారు. ‘డిక్కీలెందుకు బిడ్డా, భుజం మీదేసుకో’ అన్నాడు. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు నాలుగు కిలోలు ఎక్కువొచ్చింది. దుప్పట్లు తీసి పక్కన పెడదామనుకుని, చివరికి పచ్చళ్ళు తీసేశాను.

ఈ నవంబరులో మళ్ళీ సర్దాను. కొవ్వొత్తి వేసవి ఎండకి కరిగి డబ్బాకి అంటుకుపోయింది, కొత్తది పెట్టాను. పల్లీపట్టీలు ఎవరో తినేశారు, నేనే అయ్యుంటాను. టార్చిలైటు బ్యాటరీలు మార్చాను. అంతా పెట్టి డిక్కీ మూసేశాక ఒక అనుమానం వచ్చింది. మంచు కారు వెనకభాగాన్ని పూడ్చేస్తే, సైలెన్సర్‌తోపాటు డిక్కీ కూడా పూడిపోతుంది కదా. మళ్ళీ తెరిచి, పారనీ గొంగడినీ తీసి వెనక సీట్లో పెట్టాను.